వెనక ఎవరూ లేని పందెం

మొన్న ఆదివారం బాపట్లలో జరిగిన కొండసైకిళ్ల పోటీలో మా తమ్ముడి కూతురు వరసగా మూడోసారి మొదటి స్థానంలో వచ్చింది. పోటీల పెద్ద మాకు బాబాయి వరస అవుతాడు. దాని మెడలో దండ వేస్తూ, "ఇక్కడ మహారాణిలా ఉన్నావు, కర్ణాటక కొండల్లోకి పోయి ఓడిపోవడం దేనికే పిల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్ల క్రితం ఈయనే ఈ మాట మా తమ్ముడితో అన్నాడు. ఆ రోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

కొండే లేని ప్రాంతంలో కొండసైకిళ్లేమిటని మీరు అడగవచ్చు. మాకు ఎత్తంటే కాలువకట్ట, పల్లమంటే వంతెన దిగుడు. ఆ రోజుల్లో వానలు వెనకబట్టాక, ఎండి గట్టిపడిన నల్లమట్టి గతుకుల మీద, లావు టైర్ల సైకిళ్లతో తెనాలి నుంచి రేపల్లె దాకా ఏటా పందెం పెట్టేవారు. పదో తరగతితో చదువు ఆగినా, అమృతలూరు ధాన్యం మిల్లులో కాటా దగ్గర పనిచేస్తూ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను కనుక స్టాప్‌వాచీ నా చేతిలో పెట్టారు. తెనాలిలో నొక్కి, నాన్న మోపెడ్ వెనక కూర్చుని రోడ్డు మీదుగా ముందే రేపల్లె చేరి, ఒక్కొక్కరి స్థానమూ సమయమూ పుస్తకంలో రాసేదాన్ని.

మొదటి మూడేళ్లూ మా తమ్ముడే మొదటివాడు. రెండోవాడు వచ్చేసరికి వీడు కాలువలో కాళ్లు కడుక్కుని, టీ తాగి, కబుర్లు చెబుతూ ఉండేవాడు. మాకు అదే గొప్ప.

నాలుగో ఏడు మా పోటీకి నెలన్నర ముందు, ఎవరు వద్దన్నా వినకుండా సరిహద్దు దాటి కాఫీతోటల కొండల్లో పోటీకి వెళ్లాడు. ముప్పై ఒక్క మందిలో ఇరవై ఎనిమిదోవాడుగా, మోచేతికి కట్టుతో తిరిగొచ్చాడు. టిఫిన్ హోటల్లో "ఏరా, వెనకనించి లెక్కేస్తే నాలుగోవాడివేగా, దండ తెప్పించమంటావా?" అని ఆట పట్టించారు. వాడు మాత్రం ఇంటికొచ్చి, "నా ముందు ఇరవై ఏడుమంది వీపులు కనిపించాయక్కా, ఒక్కొక్కడి దగ్గరా ఒక్కొక్కటి చూసి నేర్చుకున్నా, మళ్లీ వెళ్తా" అన్నాడు. ఆ మెరిసే మొహం చూసి కూడా, ఇక్కడ ఒకటోవాడివి, పరాయి చోట ఇరవై ఎనిమిదోవాడివి అనిపించుకోవడం ఎందుకురా, మానెయ్యమన్నాను. అక్క మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. మానేశాడు. మరుసటేడు ఇక్కడా ఆఖరిసారి తొక్కి, సైకిలు ఎవరికో ఇచ్చేశాడు.

ఆదివారం ఇంటికి రాగానే మేనకోడలి మూడేళ్ల సమయాలు పక్కపక్కన వేసి చూశాను. గెలుస్తూనే ఏటికేడు నెమ్మదిగా వచ్చింది. అనుమానమొచ్చి పాత పుస్తకం తీశాను. మా తమ్ముడిదీ అంతే: గంటా ఇరవై ఒక్క నిమిషాలు, ఇరవై నాలుగు, ఇరవై ఆరు. వెనక ఎవరూ లేకపోతే ఎవరు తొక్కుతారు! కొండల నుంచి వచ్చాక నాలుగో ఏడు మాత్రం గంటా పదిహేడు. పక్కనే నా చేతిరాతతో 'ఎదురుగాలి' అని ఉంది. దారి బాగుపడిందనుకుందామంటే, రెండోవాడి సమయం మూడో ఏడూ నాలుగో ఏడూ ఒకటే. కొండలు మానేశాక అయిదో ఏడు మళ్లీ ఇరవై మూడు. ఓడిపోయి వచ్చిన ఒక్క పోటీ వాడికి తొమ్మిది నిమిషాలు ఇచ్చింది. లెక్కలమనిషినని మురిసిపోయే నేను స్థానాల గడి ఒక్కటే చూసి, వాడి రెక్కలు విరిచాను.

మర్నాడే తమ్ముడుండే రేపల్లె వెళ్లాను. మేనకోడలికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. కర్ణాటక పోటీ కాగితం మీద తండ్రి సంతకం కావాలి. వాడు పెట్టనంటున్నాడు. పడవ ఇంజన్లు బాగుచేసే తన షాపులో కూర్చుని, "నేను పడ్డ మాటలు చాలవా అక్కా, ఇదీ పడాలా?" అన్నాడు. పుస్తకం ముందు పెట్టాను. ఆయిలు చేతులు తుడుచుకుని, తన సమయాల వరస మీద వేలు రెండుసార్లు పైనుంచి కిందికి జరిపాడు.

"ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"చూడలేదురా."

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం పెట్టాడు. పక్కనే నిలబడ్డ పిల్ల దాన్ని లాక్కుని, "ఇరవై ఏడొస్తే చాలత్తా, నాన్నని ఓడించినట్టే!" అంది. వాడు నవ్వాడు, కానీ తల ఎత్తలేదు.

ఇప్పుడు ఆ కట్టమీద చాలాచోట్ల తారు పడింది. వాచీ నొక్కే మనిషి అక్కర్లేదు, సెకనులో వందోవంతు కూడా ఫోనే చెబుతుంది. అయినా పిల్లలు ఇంటికి రాగానే మనం అడిగేది ఎన్నో స్థానమనే. మన పిల్లలను మన కాలువగట్టుకే కట్టేసి, మనమే దండలేసి, మనమే చప్పట్లు కొట్టుకుంటున్నాం. మా తమ్ముడికి నలభై నాలుగు దాటాయి, మోకాలు నొప్పంటాడు. వాడు ఆ కొండలకు మరో అయిదారుసార్లు వెళ్లి ఉంటే ఎక్కడిదాకా పోయేవాడో రెండు రోజులుగా లెక్క వేస్తూనే ఉన్నాను. తొక్కని దారికి సమయం ఎలా కడతాను?