చెయ్యెత్తకూడని రోజులు

ఎనిమిదేళ్ళ క్రితం కేన్సరని నా కుడి రొమ్ము తీసేశారు. అప్పుడు నాకు ముప్ఫై ఆరేళ్ళు. అదే ఆపరేషన్‌లో ఆ చోట సిలికాన్ సంచి పెట్టవచ్చని విశాఖపట్నంలో డాక్టరమ్మ చెప్పగానే సరేనన్నాను. బడిలో గానీ బస్సులో గానీ ఎవరి చూపూ నా మీద ఆగకూడదు, అంతే. ఆ కోరిక తీరింది. కొన్నేళ్ళు అది ఉన్న సంగతి నేనే మరిచిపోయాను.

తరువాత అది గట్టిపడటం మొదలైంది. కుడివైపు తిరిగి పడుకోలేకపోయాను. పలాసలో రైలెక్కి కంచిలి వైపు హైస్కూలుకు వెళ్ళి లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. స్టేషను నుంచి బడికి వెళ్ళే ఆటో గోతిలో పడినప్పుడల్లా ఛాతీని చేత్తో అదుముకునేదాన్ని. నొప్పి కంటే భయం ఎక్కువ తిప్పలు పెట్టింది. మళ్ళీ ఆ జబ్బేనా? రోజుకు పదిసార్లు బాత్రూమ్‌లోకి వెళ్ళి తడుముకునేదాన్ని.

స్కానింగులో జబ్బు కాదని తేలింది. సంచి చుట్టూ ఒంట్లో పుట్టిన పొర బిగుసుకుపోయిందట. సంచి ఒకచోట చిట్లిందట.

"తీసి కొత్తది పెట్టమంటారా, ఊరికే తీసేయమంటారా? మీరే చెప్పాలి" అంది డాక్టరమ్మ. వారం గడువు అడిగాను.

ఆ వారం నేనొకచోట కుదురుగా కూర్చున్నది లేదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసే మా ఆయనను అన్నం పెడుతూ అడిగాను. ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "కొత్తది పెట్టించుకుంటే పోద్ది కదా" అన్నాడు.

"కోసేది నన్ను. మీకేటి?" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కొని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నా పుట్టిల్లు ఉద్దానం తీరంలో చేపలవేట ఊరు. అన్నయ్య వేటకెళతాడు, వదిన చేపలమ్ముతుంది. ఆమెకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నొప్పెడతన్నదాన్ని ఎందుకు మొయ్యడం? తీయించీ. నానొత్తాను, నీకాడుంటాను" అంది. అంత సులువుగా నాకెవరూ చెప్పలేదు. మర్నాడే డాక్టరమ్మకు ఫోన్ చేసి, కొత్తది వద్దన్నాను.

ఆపరేషన్ తరువాత తెలివి వచ్చేసరికి ఛాతీకి బిగుతుగా కట్టు, పక్కనుంచి ఒక గొట్టం, దాని చివర ఎర్రటి నీరు చేరే బుడ్డి. తీసిందేదో చూస్తానని పట్టుబట్టాను. నర్సు స్టీలు గిన్నెలో తెచ్చింది. పసుపు తిరిగిన మెత్తటి ముద్ద.

వదిన వంగి చూసి, "ఏటమ్మీ, తాటి ముంజిలాగుంది! దీనికోసమా ఇన్నాళ్ళు బాద పడ్డావు?" అంది. నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. ఆ తరువాత ఎందుకో ఏడుపొచ్చింది.

మూడు వారాలు కుడి చెయ్యి భుజం దాటి ఎత్తకూడదు, బరువు మొయ్యకూడదు. పలాసలో ఇంటికొచ్చాక వదినే తల దువ్వింది, జాకెట్టు తొడిగింది. నేను హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరుగుతూనే ఉన్నాను. నీరు తగ్గి గొట్టం తీసేసిన రెండోరోజు, వదిన బజారుకెళ్ళింది. పుస్తకాల అలమార పై అర చిందరవందరగా కనిపించింది. అంతే, సర్దుదామని లేచాను. కుడి చేత్తో నాలుగు లావుపాటి పుస్తకాలు ఒక్కసారే దించబోయాను. చర్మం కింద ఏదో పుటుక్కుమంది.

సాయంత్రానికి ఆ చోట ఉబ్బి, ముట్టుకుంటే నీళ్ళ సంచిలా కదిలింది.

"ఎత్తొద్దంటే ఎత్తినావా? పిల్లలకి సెప్తావు, నీకెవులు సెప్పాల?" అని వదిన కేకలేసింది. మా ఆయన ఆటో తెచ్చాడు. టెక్కలి దాకా దారి పొడుగునా నా భుజానికీ పక్క కమ్మీకీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు.

టెక్కలిలో డాక్టరు కట్టు విప్పాడు. మా ఆయన బయటికి వెళ్ళలేదు. ఆపరేషన్ తరువాత ఆయన నా ఛాతీని చూడటం అదే మొదలు. ఎముకల మీద పరిచినట్టున్న చర్మం, అడ్డంగా ఎర్రటి గీత. సిరంజితో రెండుసార్లు నీరు లాగేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.

బయటికొచ్చాక అన్నాడు: "ఇన్నాళ్ళు నువ్వు సూడొద్దంటావేమో అనుకున్నాను."

"నేనెప్పుడన్నాను?"

"అనలేదు. నేనూ అడగలేదు."

ఆయన మీద పెట్టుకున్న కోపం పూర్తిగా పోలేదు గానీ, ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు ఆయన భుజం మీదే తల పెట్టాను.

ఇంట్లో ఉంటే నేను ఊరుకోనని వదిన నన్ను తన ఊరు తీసుకుపోయింది. ఎడమ చేత్తో ఎండుచేపలు ఏరుకుంటూ కూర్చోమంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె మొహమాటం లేకుండా, "సూపించవా?" అని అడిగింది. పైట తీసి చూపించాను. ఎనిమిదేళ్ళు దాచిన దాన్ని ఎలా చూపించానో నాకే తెలియదు. ఒక ముసలామె గీత మీద వేలితో మెల్లగా రాసి, "మానిపోద్దిలే" అంది.

అందరూ వెళ్ళాక ఒకామె మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. యాభై ఏళ్ళుంటాయి. నా చెయ్యి పట్టుకొని తన రొమ్ము మీద పెట్టుకుంది. లోపల చింతగింజంత గడ్డ.

"ఇలాగే ఉంటాదా అమ్మీ, నీకొచ్చింది? నాలుగు నెల్లయింది. ఎవులికీ సెప్పనేదు."

"రేపు టెక్కలి ఎల్దాం" అన్నాను, నా నోటికీ ఊరి మాటే వచ్చేసింది. మర్నాడు వదినతో కలిసి ముగ్గురం వెళ్ళాం. సూదితో పరీక్షకు తీశారు. ఫలితం వచ్చేదాకా వారం రోజులు, ఆమె మామూలుగా చేపల గంపతో తిరిగింది, నేనే ఒడ్డున ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. ప్రమాదం లేని గడ్డేనని తెలిసినప్పుడు ఆమె, "మరి నువ్వెందుకేడుస్తన్నావు?" అని నన్నే అడిగింది.

అయిదో వారంలో ఉద్యోగంలో చేరాను. జాకెట్టులో ఏమీ పెట్టుకోలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ చూసి, చూపు తిప్పుకొని, టీ తాగుతారా అని అడిగింది. తాగుతానన్నాను.