గుట్ట దిగిన స్వామి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, శ్రావణ మాసం. అప్పట్లో నేను ఎమ్మిగనూరులో అంబులెన్స్ టెక్నీషియన్‌ని. డ్రైవర్ బండి నడుపుతాడు. టెక్నీషియన్ వెనకాల పేషెంట్ పక్కన కూర్చుని, ఆసుపత్రి చేరేదాకా ప్రాణం జారిపోకుండా కాచుకుంటాడు. మా పని గురించి ఇంతకన్నా గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

శ్రావణం వస్తే మా బండికి ఊపిరి సలపదు. దగ్గర్లోని ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి బస్సుల్లో వచ్చేవాళ్లు బస్సుల్లో వస్తారు, మొక్కున్నవాళ్లు కాలినడకన వస్తారు. కొందరు చెప్పుల్లేకుండా, కొందరు మౌనంగా, కొందరు మంచినీళ్లు కూడా ముట్టకుండా నడుస్తారు. అలాంటివాళ్లు ఎదురైతే మా వైపు ఎవరూ పలకరించరు. దీక్ష చెడగొట్టిన పాపం తమకెందుకని దండం పెట్టి తప్పుకుంటారు.

ఒక సోమవారం మధ్యాహ్నం, గుట్టల కింద రేకుల షెడ్డు దగ్గర ఎవరో స్వామి పడిపోయాడని బస్సు కండక్టర్ ఒకాయన ఫోన్ చేశాడు. వెళ్లేసరికి పాతికేళ్లు నిండని కుర్రాడు నేల మీద ఉన్నాడు. మాసిన గడ్డం, ముఖమంతా బూడిద, ఒట్టి కాళ్లు, పక్కన ఒక కర్ర. మెడలో బంతిపూల దండ, నుదుట కుంకుమ. తల దగ్గర ఎవరో కర్పూరం కూడా వెలిగించారు. మనిషి పోతుంటే హారతులేమిటని నాకు ఒళ్లు మండింది.

పిలిస్తే మూలిగాడు తప్ప కళ్లు తెరవలేదు. నాలుక అట్టలా ఎండిపోయింది. వేలి చివర సూదితో పొడిచి రక్తపు చుక్క తీసి గ్లూకోమీటర్‌లో పెట్టాను. అది రక్తంలో చక్కెర ఎంతుందో చూపే చిన్న పరికరం. ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి, ఆ తర్వాత మన చేతుల్లో ఉండదు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాబట్టి నరంలోకి డెక్స్‌ట్రోజ్, అంటే చక్కెర నీళ్లు, ఎక్కించాలి.

నరంలోకి గుచ్చే సూది గొట్టం, క్యాన్యులా, చేతిలోకి తీసుకోగానే నరసమ్మ అడ్డమొచ్చింది. కూలి పనులకు పోయే పెద్దావిడ. శ్రావణమంతా ఆ షెడ్డులో కుండ పెట్టుకుని, నడిచిపోయేవాళ్లకు నీళ్లు పోస్తుంటుంది.

"సూది యెయ్యొద్దప్పా. ఉపాసముండాడు. ఈరన్నకు మొక్కుకున్న దాన్ని మనం ఇడిపిస్తే ఆ పాపం ఎవురికి?"

చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమె వైపే నిలబడ్డారు. గదమాయిద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె ఒక చేత్తో నన్ను ఆపుతూనే, రెండో చేత్తో కొంగు పట్టి కుర్రాడికి విసురుతోంది. కుర్రాడి గురించి ఆమెకు నాకన్నా భయం తక్కువేమీ లేదు, ఈరన్న అంటే భయం అంతకన్నా ఎక్కువ.

"ఇది నోట్లోకి పోదమ్మా, నరంలోకి పోతాది. ఉపాసం సెడదు. సెడితే ఆ పాపం నాకే రానీ."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత చక్కెర నీళ్ల సీసా తానే అందుకుని పైకెత్తి పట్టుకుంది.

ఎమ్మిగనూరు దారిలో కుర్రాడు కళ్లు తెరిచాడు. పేరు, ఊరు అడిగాను. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటి పిల్లాడు. అన్నీ వదిలేసి ఒంటరిగా అడవిలోకి వెళ్లిపోయిన యువకుడి సినిమా ఒకటి ఫోన్‌లో మళ్లీ మళ్లీ చూశాడట. ఫోన్ ఇంట్లో పెట్టేసి, కాసిన్ని బియ్యం, ఒక చాకు పట్టుకుని కోసిగి వైపు గుట్టలెక్కాడు. పొయ్యి అంటుకోక ఊదీ ఊదీ ముఖమంతా బూడిద చేసుకున్నాడు. బూట్ల అడుగు ఊడిపోయింది. తిండి లేక, నీటి చెలమా ఎండిపోయి, కర్ర సాయంతో గుట్ట దిగాడు. మా వాళ్లు విభూతి అనుకున్నది ఆ బూడిదనే.

"ఆ సినిమాలో పిల్లోడు యేమైనాడప్పా సివరికి?" అని అడిగాను.

"సచ్చిపోయినాడన్నా."

తెలిసీ ఎందుకు వెళ్లావని అడిగితే, తనైతే తిరిగొస్తాననుకున్నాడట. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. వచ్చినవాడివి షెడ్డులో అంతమంది ఉంటే నీళ్లు అడగొచ్చు కదా అని కసిరాను.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "గొంతు పెగల్లేదన్నా. నీళ్లియ్యమని సెయ్యెత్తినా. ఆశీర్వదిస్తాండానని అందరూ కాళ్లకు మొక్కినారు."

ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు. కొండ మీద మనిషి లేక దాహంతో తిరిగినవాడు, నీళ్ల కుండకు రెండు బారల దూరంలో, మనుషుల మధ్య పడిపోయాడు. పోనీ ఎవరిని తప్పుపట్టను? ఒక్కరి మనసులోనూ చెడు లేదు.

వాడు కోలుకుని ఆదోని వెళ్లిపోయాక, అటువైపు పోతూ నరసమ్మకు సంగతి చెప్పాను. చెయ్యి ఎందుకెత్తాడో వినగానే ఆమె చేతిలోని చెంబు కింద పెట్టేసి, వాడు పడిపోయిన చోటు వైపు చూసింది.

మరుసటి శ్రావణంలో అదే షెడ్డు దగ్గర బండి ఆపాం. కర్ర పట్టుకుని, కళ్లు దించుకుని ఒక మౌనస్వామి వస్తున్నాడు. జనం దండాలు పెట్టి పక్కకు జరిగారు. నరసమ్మ మాత్రం నిండు చెంబుతో ఎదురుగా వెళ్లి నిలబడింది. ఆయన వద్దన్నట్టు తలూపాడు. ఆమె దండం పెట్టి, వెనక్కి వచ్చి కుండ దగ్గర కూర్చుంది.

నేను చూస్తున్నానని గమనించి అంది: "వొద్దంటే వొద్దంటాడు, అంతే గదప్పా. అడిగేదానికి నాకేం పోయింది?"

ఆనాటి నుంచి నేనూ అంతే. స్పృహలో ఉన్న మనిషి అయితే, గ్లూకోమీటర్ తీసేముందు ఏం కావాలని అడుగుతాను.