ఓడలో బావ పంచె

మా బావ పోయాడు. మొన్న సోమవారం పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తబోతూ కూలబడ్డాడు. ఎదురు కొట్టు నాదే కాబట్టి మొదట పరిగెత్తిందీ, ఎత్తి బల్ల మీద పడుకోబెట్టిందీ నేనే. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. నరసరావుపేట వ్యాపారులకు ఫోన్లు చేసి చెప్పాల్సిన పని కూడా నా నెత్తినే పడింది. ప్రతి ఒక్కరూ ఒకటే అడిగారు: "ఓడలో పంచె కట్టిన బావేనా?" నలభై ఏళ్ళు పురుగుమందులు అమ్మిన మనిషి ఆయన. జనానికి మాత్రం ఓడ మీద ఒక్కపూట భోజనం గుర్తుండిపోయింది. దాన్ని దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆయన భార్యను నేను అక్కా అన్నాను, దాంతో ఆయన బావ అయ్యాడు, నేను బామ్మర్దినయ్యాను. నా బడి చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది. ఆ తరవాత చదివిందంతా మందుడబ్బాల మీద అంటించే కాయితాలే. అవి ఇంగ్లీషులో ఉన్నా కూడబలుక్కుని చదవడం నాకు నేర్పింది బావే. "చిన్నక్షరాలు చదవకుండా మూత తియ్యమాక" అనేవాడు.

రైతు వచ్చి, "మిరపకి ముడతొచ్చింది, గట్టి మందియ్యి" అంటే, "ఆకేదీ?" అనేవాడు. తేలేదంటే వెనక్కి పంపేవాడు. తెస్తే గుమ్మంలోకి పోయి, ఆకును వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "దీనికి మందెందుకయ్యా, నాలుగు రోజులు నీళ్ళాపు" అనేవాడు. అలా ఉత్త చేతులతో బయటికొచ్చిన రైతులు రోడ్డు దాటి నా కొట్టుకు వచ్చేవాళ్ళు. నా వ్యాపారం నిలబడింది వాళ్ళ వల్లే. ఇది నేను గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

ఇక పంచె. ఏ కాలమైనా ఆయనది తెల్ల పంచే. అక్క గంజి పెట్టి, డాబా మీద నీడపట్టున ఆరేసి, అంచుకు అంచు కలిపి మడిచేది. మడత పడిన చోట కాయితం కోసుకోవచ్చని మేం నవ్వుకునేవాళ్ళం.

మూడేళ్ళ కిందట మందుల కంపెనీవాళ్ళు డీలర్లను భార్యలతో సహా షికారు ఓడ ఎక్కించారు. మా ఆవిడకు నీళ్ళంటే భయం, రాలేదు. ఓడలో రెండు సాయంత్రాలు పెద్ద హాల్లో కూర్చోబెట్టి భోజనం పెడతారనీ, మగవాళ్ళు కోటు వేసుకోవాలనీ ఏరియా మేనేజరు ముందే చెప్పాడు. అక్క ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, పెళ్ళైన కాడ్నించి నేను కూసుంటే ఇంకోళ్ళు వడ్డించింది లేదురా. ఎవరింట్లో శుభకార్యానికి పోయినా గరిటె నా చేతికే ఇస్తారు. ఆ హాల్లో మాత్రం కూసుంటా."

"కూసోబెడతాగా" అన్నాడు బావ. అది మాటంటే మాటే.

ఇక్కడ మా తెలివి గురించి కొంచెం చెప్పాలి. ఎవరికి వారు కోటు కుట్టించుకుంటే రంగు రంగులుగా ఉంటుందని, బావ కాక మిగతా డీలర్లం ముప్ఫై మందిమీ కలిసి ఒకే తాను కొన్నాం. ముదురు మెరూన్ గుడ్డ, నల్ల కాలరు. ఒకే టైలరు కుట్టాడు. బావ ఒక్కడే కొలతలు ఇవ్వలేదు. మేం వేసుకుని చూపిస్తే ఎగాదిగా చూసి, "బ్యాండు మేళం బాగానే ఉంది, డప్పులేవిరా?" అన్నాడు.

మొదటి సాయంత్రం హాలు గుమ్మం దగ్గర సూపర్‌వైజరు బావను ఆపేశాడు. పంచె కుదరదట. అక్క పట్టుచీరకు అభ్యంతరం లేదట. ఏరియా మేనేజరుకు చెమటలు పట్టాయి.

"సార్, నా ప్యాంటొకటి ఇస్తా. ఈ పూటకి సర్దుకోండి."

"నీ ప్యాంట్లో నా కాలొక్కటే పడుద్దయ్యా" అన్నాడు బావ. తరవాత కాస్త గొంతు తగ్గించి, "దీనికి గంజి పెట్టింది ఈమె. ఇది మర్యాద కాదని ఇప్పి, ఈమె పక్కనెట్టా కూసోమంటావు?" అన్నాడు.

ఆయన్ను వదిలి అక్క లోపలికి రాలేదు. ఇద్దరూ పై అంతస్తుకు వెళ్ళి, ఎవరి పళ్ళెం వాళ్ళు నింపుకునే చోట తిన్నారు. పొద్దున అక్క నాతో నవ్వుతూనే చెప్పింది: "మళ్ళీ నేనే వడ్డించాన్రా మీ బావకి. సముద్రంలోకొచ్చినా గరిటె నన్ను వదల్లా." పక్కనున్న బావ నవ్వలేదు.

హాల్లో మా సంగతి వేరు. లోపలికి వెళ్ళాక తెలిసింది, ఆ ఓడలో వడ్డించేవాళ్ళ కోట్లూ ముదురు మెరూనే, నల్ల కాలరే. ఒక ముసలి దొర నన్ను వేలితో పిలిచి సూపు తెమ్మన్నాడు. ఎందుకొచ్చిన గొడవని తెచ్చిచ్చాను. పిడుగురాళ్ల డీలరు రెండు టేబుళ్ళకు మంచినీళ్ళు పోశాడు. వినుకొండ డీలరునైతే, పనివేళలో కూర్చుని తింటున్నావేమిటని ఇంకో ఆఫీసరు కేకలేశాడు.

మర్నాడు ఇదంతా విని బావ పొట్ట పట్టుకుని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు సరికదా, కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. "ఆ రూలు కాయితం ఏదిరా?" అన్నాడు. గుమ్మం దగ్గర అంటించిన కాయితాన్ని కింద చిన్నక్షరాల దాకా చదివాడు. ఏరియా మేనేజరును వెంటబెట్టుకుని సూపర్‌వైజరు ముందు నిలబడ్డాడు. మేమంతా వెనక.

"ఇందులో మర్యాదైన బట్టలని ఉంది. పంచె వద్దని ఎక్కడుందో చూపించమను."

"మర్యాదైన బట్టలంటే కోటేనంట సార్" అన్నాడు మేనేజరు.

"సరే. నిన్న ముప్ఫై మంది కోట్లేసుకుని పోయారుగదా, ఏం మర్యాద చేశారు? నా బామ్మర్ది చేత సూపు మోయించారు. పంచె కట్టినోణ్ణి, నన్నెవరన్నా మంచినీళ్ళు తెమ్మన్నారా? ఎవరు చుట్టమో ఎవరు పనోడో కోటు చెప్పలా. నా పంచె చెప్పింది. ఈ మాట ఇంగ్లీషులో చెప్పు, ఒక్క ముక్క తగ్గించమాక."

మేనేజరు తగ్గించలేదు. సూపర్‌వైజరు పెదవి బిగించి నవ్వు ఆపుకోవడం నేను చూశాను. రాత్రి గందరగోళం మీద అతనికీ బోలెడు ఫిర్యాదులు వచ్చాయట. పైవాళ్ళను అడిగి వస్తానని వెళ్ళాడు. అదే ఆఖరి సాయంత్రం. మధ్యాహ్నమంతా అక్క పట్టుచీర మంచం మీద పరిచిపెట్టి, కట్టాలో మడిచి పెట్టెలో పెట్టాలో తెలియక కూర్చుంది.

నాలుగింటికి కబురొచ్చింది. ఏ దేశపు బట్టలైనా సరే, శుభ్రంగా ఉండి, కాళ్ళకు చెప్పులుంటే చాలునట. "నోటిమాటొద్దు, కాయితం మార్చమను" అన్నాడు బావ. పాతది పీకి కొత్తది అంటించేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మాలో ఒక్కరూ కోటు వేసుకోలేదు. ఉతికిన చొక్కాలతో బావ వెనక పెళ్ళివారిలా నడిచాం. నా చేత సూపు మోయించిన దొర కూడా కొత్త కాయితం చదువుకుని టై ఊడదీసి జేబులో కుక్కుకున్నాడు. బావ దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి ఏదో అన్నాడు. "ఇన్నేళ్ళకి గొంతులోకి ముద్ద సరిగ్గా దిగుతోందంటున్నాడు సార్" అన్నాడు మేనేజరు. పక్క టేబుళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళకు తెలుసో లేదో నాకు తెలియదు. నేనూ కొట్టాను.

ఎవరికి తలవంచాలో, ఎక్కడ వంచకూడదో తెలిసినవాళ్ళు చానా తక్కువ. అలాంటి మనిషికి ఎదురు కొట్టువాణ్ణయి బతికాను. అది చాలు నాకు.

ఆనాటి టేబులే నా కళ్ళ ముందు ఉంది. వడ్డించే అతను అన్నం గిన్నె తెచ్చాడు. అక్క అలవాటు కొద్దీ లేచి గరిటె అందుకోబోయింది. బావ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమే, కూసో."

కూర్చుంది. ఇంత అన్నం పెట్టించుకుంది, మారు అడిగింది, మళ్ళీ అడిగింది. చివర్లో ఐస్‌క్రీం తెస్తే, తొందరేమీ లేనట్టు చిన్న చెంచాతో కొంచెం కొంచెం తింటోంది. వడ్డించే అతను పక్కనే నిలబడి ఉన్నాడు. బావ పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. గడ్డం కింద చెయ్యి ఆనించుకుని, ఆమె తినడం చూస్తున్నాడు.