ఖాలా తుడిచిన ఒక్క రెక్క

మొన్న శుక్రవారం పొద్దున నేను ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచే మా పక్కింటామె పోయింది. మూడు నెలలుగా మంచం మీదే ఉంది. మహబూబ్‌నగర్‌లో ఫ్యాన్లు, గోడలు, నీళ్ల ట్యాంకులు కడిగించుకున్నవాళ్లలో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. నాకైతే ఆమె లేకుంటే ఈ ఊరే లేదు.

ఎందుకో చెబుతాను. నా పెనిమిటి చనిపోయిన ఏడు, పిల్లలిద్దరినీ మా అవ్వ దగ్గర వదిలి బొంబాయి పనికి వస్తానని మేస్త్రీకి మాటిచ్చాను. దసరా వెళ్లగానే కూలీలను తీసుకుపోయే లారీ. ఆ సంగతి విని ఖాలా గోడ అవతలి నుంచి పిలిచింది.

"జర ఆగు బిడ్డా. బొంబాయిల ఊడ్చే చెయ్యి పాలమూరుల ఊడ్వదా? ఇద్దరం కలిసి సఫాయి పని పెడదాం. దసరా దాక చూద్దాం. గిరాకీ దొరకకపోతే నేనే నిన్ను లారీ ఎక్కిస్త."

ఒక నిచ్చెన, రెండు బకెట్లు, బట్టల సోడా, పాత లుంగీల పేలికలు. అంతే మా సరంజామా. బోర్డు రాయించే స్థోమత లేదు, రిక్షాకు మైకు కట్టించే స్థోమత అసలే లేదు. ఉచితంగా చేసి చూపిద్దామని మొదట ఒక బట్టల దుకాణానికి వెళ్లాం. నా ఉత్సాహం ఆగుతుందా? నాలుగు ఫ్యాన్లూ తళతళలాడించాను. సేటు "సల్లగుండుండ్రి" అని దీవించి, మళ్లీ మా వైపు చూడలేదు. ఇంటికొచ్చాక ఖాలా నవ్వింది.

"అంత చేసిపెట్టినంక ఇంకెందుకు పిలుస్తడు? ఇగ చూడు, పిలువకముందు ఒక్క రెక్క. పిలిస్తెనే మూడు."

తర్వాత బస్టాండు ఎదుటి హోటలు. తెల్లవారగానే యజమానిని బతిమాలి, ఫ్యానుకు ఒక్క రెక్క చొప్పున తుడిచి దిగాం. మా తెలివి చూడండి. హోటల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. తిరిగే ఫ్యానులో తెల్ల రెక్క ఎవరికి కనిపిస్తుంది? రెండు రోజులు ఎదురుగా రోడ్డు పక్కన కూర్చున్నాం. దసరా నాలుగు రోజుల్లో ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ ఒక్క రెక్కతోటి నన్ను లారీ ఎక్కిస్తవు ఖాలా," అన్నాను.

ఆమె పాన్ నములుతూ, "ఫికర్ చెయ్యకు. మన కరెంటు మీద నాకు నమ్మకమున్నది," అన్నది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం, హోటలు కిటకిటలాడుతుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. ఉక్కపోతకు అందరూ తలలు పైకెత్తారు. ప్రతి ఫ్యానుకూ ఒక రెక్క తెల్లగా, రెండు రెక్కలు మడ్డి పట్టి నల్లగా. ఒకాయన అన్నం పళ్లానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏందయ్యా, గా మన్నంత మా అన్నంల పడ్తున్నదా?" అని ఇంకొకాయన రోడ్డు దాకా వినిపించేటట్టు అడిగాడు. నేను లేవబోతే ఖాలా నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"పిలువనియ్యి."

యజమాని రోడ్డు దాటి పరుగున వచ్చాడు. "అమ్మా, మిగిలిన రెక్కలు గూడ తుడువుండ్రి, జల్ది."

మేం నిచ్చెన దిగేలోపు అక్కడే తింటున్న లాడ్జీ ఆయన, దవాఖాన కంపౌండరు మా ఇంటి గుర్తులు అడిగారు. ఆ రోజు నేను ఇంటికి నడవలేదు, ఎగిరాను. దసరా వెళ్లాక లారీ వచ్చింది, నేను లేకుండానే పోయింది. నా పిల్లలు నా పక్కలోనే పెరిగారు. జడ్చర్ల దాకా మా పని పాకినా, ప్రచారం మాత్రం ఆ ఒక్క రెక్కే.

శుక్రవారం మగవాళ్లు ఖాలా జనాజా భుజాన ఎత్తుకుని పోయాక ఆడవాళ్లం ఆమె ఇంట్లోనే ఉండిపోయాం. కరెంటు పోయింది. అలవాటు కొద్దీ తల ఎత్తాను. ఆమె మంచం పైనున్న ఫ్యానుకు మూడు రెక్కలూ దుమ్మే. మూడు నెలలు ఆ మంచం చుట్టే తిరిగి కూడా నేను చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. స్టూలు వేసుకుని, కొంగు తడిపి ఒక రెక్క తుడిచాను. రెండోదాని మీదికి చెయ్యి పోలేదు. దిగి, ఖాళీ మంచం పక్కన కూర్చున్నాను, ఖాలా పిలుస్తుందేమోనని.