రాయబారి ముందు నిలబడ్డ మా రాజేశం

ఈ రోజు నా సంతోషం ఏమని చెప్పను! వ్యవసాయం నేర్చుకోవడానికి పరదేశంలో ఏడాది ఉండి వచ్చిన మా కొడుకు రాజేశాన్ని ఆ దేశపు రాయబారి కరీంనగర్ అతిథిగృహానికి పిలిచాడు. అలా పోయివచ్చిన వాళ్లందరితో మాట్లాడతాడట. చొప్పదండి దగ్గరి మా ఊళ్లో బావులు ఎండిపోయాయి. బోరు వేసే యంత్రం ఇప్పించమని ఆయనను అడగాలని ఊరంతా మావాడికి చెప్పి పంపింది.

నేనూ ఉండబట్టలేక వెంట పోయి, కిటికీ బయట నిలబడి చూశాను. లోపల అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. మావాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రాయబారి కూర్చోమని సైగ చేసినా కూర్చోలేదు. పోయే తొందరలో ఉన్నాడనుకున్నాడేమో, ఆయన నవ్వుతూ చేయి కలిపి సాగనంపాడు.

బయటికి రాగానే అడిగాను.

"ఎందుకు లేచినవ్ బిడ్డా?"

"నువ్వు నిలవడితే నేనెట్ల కూసుంట బాపు?"

"మరి బోరు ముచ్చట?"

"యాడ అడగనిచ్చిండు? చెయ్యి కలిపి పంపిచ్చిండు గద!"

ఎంత దూరం పోయివచ్చినా వాడు మారలేదని నా గుండె పొంగిపోయింది. ఇంటికి వచ్చేసరికి బోరు కబురు కోసం మా అరుగు నిండా జనం కూర్చుని ఉన్నారు. వాళ్లకు ఇంకా ఏమీ చెప్పలేదు. మీరైతే ముందు ఏది చెబుతారు? కొడుకు మర్యాదా, రాని నీళ్లా?