చూడని చెయ్యికి శాలువ

తప్పు చేసి తిట్లు తినుడు అందరికీ ఉన్నదే. తప్పు చేసి శాలువ కప్పించుకొని, ఆ శాలువ కింద చెమటలు కక్కినోన్ని మాత్రం పాలమూరు మొత్తంల నేనొక్కన్నే. జర కుదురుగ కూసోండ్రి, చెప్త.

శానేండ్ల కింద గద్వాలల ఒక పత్తి విత్తనాల కంపెనీల సూపర్‌వైజర్ను నేను. రేపు విచ్చే మొగ్గను ఆడోళ్లు ఇయ్యాలనే గోటితోని ఒలిచి, తెల్లారి మగపువ్వు పుప్పొడి అద్దుతరు. గా పని సక్కగ అవుతుందా అని గట్టు మీద నిలబడి చూసుడే నా కొలువు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల మాకు మూడు ఆఫీసులు. అలిగిన తోడికోడండ్ల లెక్క ఒకరితోనొకరికి మాటల్లేవు.

మాటలు కలుపుదామని మేనేజరు సారు ఆఫీసోళ్లకే కనిపించే బ్లాగొకటి పెట్టిండు. "చేన్ల చూసింది రోజూ రాయుండ్రి. చూడంది రాసినోనికి ఆ రోజుతోనే కొలువు బంద్" అన్నడు. అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా రెండేండ్లుండె.

మొదట్ల ఉన్నదున్నట్టు రాసిన. వాన పడలే, మొగ్గ బాగుంది అని. ఇద్దరు చదివిండ్రు. అండ్ల ఒకన్ని నేనే.

ఒకనాడు మోకాలు నొప్పి పుట్టి గట్టు మండలానికి పోలేదు. సరే, ఒప్పుకుంట: మోకాలు బాగనే ఉండె, ఎండనే బాగలేకుండె. ఫ్యాను కింద మిర్చిబజ్జీ తినుకుంట రాసిన: "గట్టుల ఒకామె మొగ్గ దిక్కు చూడకుంటనే ఒలుస్తది. సాలు మొత్తంల ఒక్కటి తప్పదు."

బజ్జీ చల్లారకముందే రెండువందల మంది మెచ్చుకున్నరు. అంటే, పదకొండు మంది. ఏడేండ్లుగ నా మొహం చూడని నాగర్‌కర్నూల్ సూపర్‌వైజరు "అన్నా" అని రాసిండు. నేను కుర్చీల కూసోని వేలు కదిపితే మూడు ఊర్లు కదిలినయ్. నా ఒళ్లు జలదరించింది. కింద ఇంకో ముక్క చదివినంక గడ్డకట్టింది: "మా దిక్కు తెలకపల్లి కూలీలను తోలుకొని ఎల్లుండి వస్తున్నం. ఆమెను చూపెట్టు." దాని కింద మేనేజరు సారు: "నేనూ వస్త."

తెల్లారంగనే గట్టుకు ఉరికిన. అందరికన్న పాత కూలీ సవారమ్మకు సంగతంత చెప్పి, మొహం పక్కకు పెట్టి ఒలిచినట్టు చెయ్యక్కా, మొగ్గలు తప్పినా ఎవరూ లెక్కపెట్టరని బతిమిలాడిన. ఆమె నా దిక్కు తిరిగింది.

"చూడకుంట ఎవరన్న ఒలుస్తరా సారూ? రాకుంటనే రాసినవ్. నీ మోకాలుకు నొప్పి పుడితే మందు రాసుకో, నా చెయ్యి మీద కతలు రాసుడేంది?"

నా మొహమే చూసి తిట్టుకుంట ఆమె సాలు పొంటి నడిచింది, తిట్లు తినుకుంట నేను ఆమె ముంగట ఎనకకు నడిచిన. సాలు కొసకు వచ్చినంక చూస్తే, రేపు విచ్చే మొగ్గలన్నీ ఒలిచి ఉన్నయ్. మల్ల మొదటికి పోయి ఒక్కో చెట్టే చూసుకుంట వచ్చిన. ఒక్కటి తప్పలే, ఒక్కదాని లోపలి పిందెకు గోటి గాటు లేదు.

"అక్కా, నువ్వు మొగ్గల దిక్కు చూడనే లేదు గద."

ఆమె తన చెయ్యి దిక్కు తనే కొత్తగ చూసుకుంది. "నిన్ను తిట్టే పనిల పడి మరిచిన" అన్నది.

ఏడేండ్లు గట్టు మీద నిలబడి చెయ్యెత్తు చెట్లను చూసిన గని, ఆ చెయ్యిని చూసుడు గదే మొదలు.

ఎల్లుండి రానే వచ్చింది. అందరి ముంగట సవారమ్మ, "ఇప్పుడేం చెయ్యాలె సారూ?" అనడిగింది.

"తిట్టక్కా" అన్న.

తిట్టింది. రాకుంటనే రాసిన సంగతి గూడ ఇడిచిపెట్టలే. తమాష అనుకొని అందరు నవ్విండ్రు. తిట్టుకుంట ఆమె ఒలిచిన సాలు చూసినంక నవ్వు ఆగి, తెలకపల్లి ఆడోళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె వేళ్లు పట్టుకొని చూసిండ్రు. సారు ఆమెకొక శాలువ, నాకొక శాలువ కప్పిండు.

నాది గుచ్చుకుంది. ఆ పొద్దే బ్లాగుల నిజం రాసిన: ఆనాడు నేను చేనుకు పోలేదు, రాసిందంత అబద్ధం అని. "గింత వినయమేందన్నా, కండ్లార చూసినం గద" అన్నది నాగర్‌కర్నూల్. సారైతే, "చూడంది రాయొద్దన్న. చెయ్యని తప్పు ఒప్పుకోవద్దని గూడ చెప్పాల్నా?" అని రాసిండు.

పెట్టెలున్న ఆ శాలువ మీద ఒట్టు: చూడని చెయ్యి గురించి ఈ జన్మల మల్ల రాయ. చూసిన చెయ్యి గురించైతే ఎంత పెంచి రాసినా తక్కువే పడుతుంది. గా తప్పు మాత్రం నాది కాదు.