రెంటచింతల దాటాక వెలిగిన పసుపు లైటు

మొన్నామధ్య నరసరావుపేట నుంచి మాచర్ల వస్తూ పిడుగురాళ్ల దాటానో లేదో, కొత్త కారులో స్టీరింగు వెనక ఒక పసుపు లైటు వెలిగింది. అదేమిటా అని నేను కళ్లజోడు సర్దుకునేలోపే జేబులో ఫోను మోగి, బండికి ఏ జబ్బు చేసిందో, ఎప్పుడు ఎక్కడికి తీసుకురావాలో ఇంగ్లీషులో చెప్పేసింది. మర్నాడు కంపెనీ షెడ్డుకి తీసుకుపోతే అక్కడి మనిషి ఒక తీగ గుచ్చి, లాప్‌టాప్‌లో ఏదో చూసుకుని, నన్ను ఏసీ గదిలో కూర్చోమన్నాడు. గల్లాపెట్టె పక్కన పుట్టి పెరిగినవాణ్ణి. బేరమాడకుండా ఏ గడపైనా దాటితే ఆ పూట నాకు అన్నం అరగదు. అలవాటు కొద్దీ ఏదో ఒకటి అందామనుకున్నాను గానీ, అనడానికి ఎదురుగా మనిషి లేడు. గాజు గోడకి అవతలున్న నా కారుని చూస్తూ కూర్చుంటే మా అక్క గుర్తొచ్చింది.

స్టీరింగు వెనక లైట్లు మాట్లాడే కార్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేనూ ఒకటి, ఇంకొకరు వాడి వదిలేసిన డీజిల్ కారు కొన్నాను. దాన్ని కొనడానికి అమ్మేవాడి ఇంటికి ఎన్నిసార్లు తిరిగానంటే, ఆఖరికి ఆయన భార్య కాఫీ ఇవ్వడం కూడా మానేసింది. అంత కష్టపడి తెచ్చానన్న మాటే గానీ, మా కొట్టున్న సందులో దాన్ని నిలపడానికి చోటు లేక, మిరపకోతల కాలమంతా ఊరి బయట బావ వాళ్ల కల్లంలో పెట్టేవాణ్ణి. బావంటే అక్క భర్త. మిరప, పత్తి వేసే రైతు, ఊళ్లో పార్టీ మనిషి, ఏ విషయం మీదైనా గట్టిగా ఒక అభిప్రాయం ఉన్నవాడు.

మిరప కల్లం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కాయలు ఎండే రోజుల్లో అక్కడి గాలిలోనే ఘాటుంటుంది; పనిచేసేవాళ్లంతా ముక్కుకీ నోటికీ పాత చీర ముక్కలు కట్టుకుని, కళ్లు మాత్రమే కనబడేలా తిరుగుతుంటారు. నేను పోతే మాత్రం గుడ్డ కట్టుకోకుండా, వ్యాపారస్తుడి దర్జాతో నిలబడి, తుమ్మీ తుమ్మీ కాయ ధర గురించి ఒక్క మాట కూడా పూర్తి చేయలేకపోయేవాణ్ణి. అక్క నవ్వేది.

ఆ రోజు మధ్యాహ్నం కూడా అలాగే నవ్వుతూ, నాకు కాయ చూపిద్దామని, పైన కప్పిన పట్టా అంచు పైకెత్తింది. కింద పామున్నట్టు ఎవరం చూడలేదు. చేతిమీద కాటు పడ్డాక, అది జరజరా కట్టెల్లోకి పోతుంటే చూశాం.

108కి ఫోను చేస్తే, ఆ బండి ఎవరినో తీసుకుని గుంటూరు దారిలో ఉందన్నారు. కారుంది కదా అని అక్కని వెనక సీట్లో బావ ఒడిలో పడుకోబెట్టి మాచర్లలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మందు ఎక్కించి, ఆమె కనురెప్పలు వాలుతున్న తీరు చూసి, మొహం మార్చుకున్నాడు. ఈ విషం ఊపిరి తీసుకునే కండరాలను పడేస్తుందనీ, అవి పూర్తిగా ఆగిపోకముందే ఊపిరి మిషనున్న ఆస్పత్రిలో ఉండాలనీ, నరసరావుపేటకి ఫోను చేసి చెబుతాననీ, ఎక్కడా ఆగొద్దనీ చెప్పాడు. ఆగొద్దన్న మాట నా చెవుల్లో అలాగే ఉండిపోయింది.

రెంటచింతల దాకా బాగానే వచ్చాం. దారంతా మిరప బస్తాల ట్రాక్టర్లు, ఊళ్లో జనం, బస్సులు, నెమ్మదిగా రావడమే సరిపోయింది. ఊరు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక కాలు గట్టిగా నొక్కాను. బండి ముందుకి దూకాల్సింది పోయి, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు మూలిగింది. ఇంకా నొక్కితే ఇంకా నీరసించింది. అద్దంలో చూస్తే వెనకంతా నల్లటి పొగ. ముందు చూస్తే చిన్న కుళాయి బొమ్మలాంటి పసుపు లైటు.

“ఏందిరా, ఎడ్లబండిలాగా పోతన్నావు?” అన్నాడు బావ.

“నొక్కుతానే ఉన్నా బావా. లాగట్లా.”

“బంకులో కల్తీ డీజిల్ పోశారు. నే చెప్తూనే ఉన్నా, ఆ బంకు వద్దని.”

కాలు కాస్త తీసి చూశాను. పొగ తగ్గింది, బండి కాస్త నడిచింది. మళ్లీ నొక్కాను, మళ్లీ మూలిగింది. నాకు అర్థమైన భాష బేరమొక్కటే కాబట్టి, దానితో ఆ భాషలోనే మాట్లాడాను. మరీ ఎక్కువడిగితే అవతలివాడు లేచిపోతాడు. వాడు ఇవ్వగలిగినంతే అడుగుతూ, కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెంచాలి. అలా పాదం కింద యాక్సిలరేటరుతో బేరమాడుతూ, రెండో గేరులో, సైకిలువాళ్లు కూడా తిరిగి చూసే వేగంతో పోతున్నాను. వెనక బావ అక్కని నిద్రపోనీయకుండా ఏవో అడుగుతున్నాడు. ఆమె జవాబులు ముద్దముద్దగా, ఒక్కోటీ ముందు దానికన్నా ఆలస్యంగా వస్తున్నాయి. ఈ లెక్కన నరసరావుపేట ఎప్పటికి చేరతామో నేను బయటికి అనలేదు.

గురజాల ఇంకా దూరముండగానే రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. అక్కడ నా బేరం చెల్లలేదు. ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. ఆగగానే స్టీరింగు వెనక ఎర్ర లైట్లు, పసుపు లైట్లు, బ్యాటరీ బొమ్మ, నూనె బొమ్మ, అన్నీ ఒకేసారి వెలిగాయి. అన్నీ పోయాయనుకున్నాను. మాచర్లలో మా మెకానిక్ భాయ్‌కి ఫోను చేయబోతే రెండుసార్లు తప్పు నంబరుకి పోయింది.

“ఏంది మావా, ఫోన్లో రిపేరుకి కూడా తగ్గించమంటావా?” అన్నాడు నా గొంతు వినకముందే. విషయం చెప్పాక అతని గొంతు మారింది. “ఇంజను ఆగితే అన్ని లైట్లూ ఎలుగుతాయి మావా, అయ్యి వొదిలెయ్. ఆగకముందు ఏది ఎలిగింది?”

“పసుపుది.”

“ఎర్రది కాదు గదా? వేడి ముల్లు యాడుంది?”

“నడిమధ్యన.”

“మంచిది. ఎరుపైతే ఆఖరి మాట. పసుపైతే ఇంకా బేరానికి చోటుంది, నీకు తెలియనిదేముంది. పొగ ఏ రంగు?”

“నలుపు. కాటిక నలుపు.”

“డీజిల్ ఎక్కువై గాలి చాలట్లా. గాలి నెట్టే టర్బో పైపు ఊడుంటది, బానెట్ లేపి చూడు.”

బానెట్ లేపి, కాలే ఇనుము మీద చేతులు పెట్టి, అతను చెప్పిన పైపు అటూ ఇటూ లాగి చూశాను. బిగువుగానే ఉంది. ఊడలేదన్నాను. అయితే డీజిల్ ఫిల్టరు పట్టేసిందేమో అన్నాడు. అంతలోనే, అట్టయితే నల్లపొగ రాదే అని తనే అనుమానపడ్డాడు. బావ వెనక నుంచి కల్తీ డీజిల్ సంగతి మళ్లీ ఎత్తుకున్నాడు. రోడ్డు మీద ఒక్క లారీ రాదు, ఒక్క ఆటో రాదు. రెంటచింతల ఎండ గురించి నేను వేరే చెప్పను. బావ లేపి భుజానికి ఆనించుకున్నా అక్క తల నిలవడం లేదు. నేను ఫోను చెవికి అదుముకుని, గాలి ఎట్టా చాలదు భాయ్, గాలి ఏ దారిన పోద్ది అని అరుస్తున్నాను.

అప్పుడు వెనక సీట్లోంచి, నాలుక మొద్దుబారిన గొంతుతో, ఒక్కో మాట ఏరుకుంటూ అక్క అంది: “దాని ముక్కుకి... గుడ్డ కట్టానురా. తియ్యలా?”

నేను ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మళ్లీ బానెట్ కిందికి వంగాను.

కల్లంలో ట్రాక్టరుకి గాలి పీల్చే గొట్టం పైకే కనబడుతుంది. దాని మూతికి ఎప్పుడూ పలచని గుడ్డ కట్టి, సాయంత్రానికి దులిపేది అక్క. పనివాళ్లందరికీ గుడ్డలుండి, ట్రాక్టరుకి గుడ్డుండి, తమ్ముడి కారు మాత్రం ఆ ఘాటంతా పీలుస్తూ పడి ఉండటం ఆమెకి నచ్చలేదు. అది ఎక్కడ నుంచి గాలి పీలుస్తుందో ట్రాక్టరు డ్రైవరునడిగి చూపించుకుని, హెడ్‌లైటు వెనక సందులోకి సన్నని చేయి పోనిచ్చి, తడిపిన చీర ముక్క మడతలు పెట్టి కట్టింది. నాకు చెబుదామనుకుని మరిచిపోయింది. రోజుల తరబడి ఆ తడి మీద మిరప దుమ్ము పేరుకుని, మేదరతట్టకి పేడ అలికినట్టు గట్టిపడింది. నెమ్మదిగా పోతున్నంతసేపు బండి ఎలాగో నెగ్గుకొచ్చింది గానీ, నేను కాలు అదిమేసరికి దాని ఊపిరి మూసుకుపోయింది.

సందులోకి చేయి దూర్చి, గోళ్లతో గీకి లాగాను. ఎర్రటి ముద్ద ఊడి చేతిలోకొచ్చింది. కళ్లు మండి, తుమ్ములు ఆగక, అదే చేత్తో తాళం తిప్పాను. నల్లపొగ ఒక్కసారి బుస్సుమని కక్కి, ఇంజను నిలబడింది. పసుపు లైటు ఆరలేదు. భాయ్ మాత్రం, “అది అట్టాగే ఉంటది, దాన్ని చూడమాక, రోడ్డు చూడు మావా, పో” అన్నాడు. నొక్కాను. లాగింది.

గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ఎప్పుడు దాటామో నాకు తెలియదు. బావ అడగడం మానేసి, అరచేయి అక్క ఛాతీ మీద పెట్టి, “తీస్తాంది... తీస్తాంది” అంటూ కూర్చున్నాడు. పార్టీ మీటింగుల్లో మైకు లేకుండా మాట్లాడే మనిషి గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదటిసారి. ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆ మాట కూడా ఆగిపోయింది. స్ట్రెచరు మీద వేసుకుని, నోట్లో గొట్టం పెట్టి, మిషను తగిలించి, తలుపు మూసేశారు. ఆ వరండాలో మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

రోజులు గడిచాక గొట్టం తీశారు. గొంతు పెగిలాక అక్క మొదట అడిగింది ఆ గుడ్డ ఏం చేశావురా అని. రోడ్డు మీద పారేశానంటే, మంచి నేత చీర ముక్కరా అని నొచ్చుకుంది. బావ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. అడిగితే మిరప ఘాటన్నాడు, ఆస్పత్రిలో.

ఆ తర్వాత అక్క చానా ఏళ్లు బతికింది. మనవల్ని ఎత్తుకుంది, బావని సాగనంపింది, నా బేరాల మీద ఊరంతా చెప్పుకునే కథలు కట్టింది. నిరుడు వానల్లో, ఏ జబ్బూ లేకుండా, నిద్రలోనే వెళ్లిపోయింది.

మా నాన్న కొట్టులో సరుకు తూచాక, తక్కెట్లోంచి దించేముందు, పైన ఒక పిడికెడు వేసేవాడు. కొసరు వేయందే ఏ ఆడమనిషీ సంచి మూతి కట్టేది కాదు. ఇప్పుడు అన్నీ అతికించిన ప్యాకెట్లు. మా కొట్లో మావాళ్లని ఎవరూ కొసరు అడగరు, అడిగినా ఎక్కణ్ణుంచి తీసి వేయాలో వాళ్లకి తెలియదు. గురజాల దారిలో ఆ ఎత్తు మీద అక్కకి అందిన ఏళ్లన్నీ అలాంటి కొసరేనని నాకు తెలుసు. తూకానికి మించే వచ్చిందనీ తెలుసు. అయినా ఆమె పోయిన పొద్దున, సంచి పట్టుకుని ఇంకా కొట్టు ముందే నిలబడి ఉన్నాను, ఇంకొక్క పిడికెడు అడుగుదామని.